ఎర్ర ఆయిల్ అని ఒకటి లేదు

(హైదరాబాద్‌లో పాత కార్ల యజమానులు కొందరు ఒక ఆదివారం ఉదయం కలుసుకున్నప్పుడు, ఆటోమేటిక్ గేర్‌బాక్సుల మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. మధ్యలో వచ్చిన ప్రశ్నలను కుదించాం.)

అందరికీ నమస్కారం. టిఫిన్ అయ్యాక మాట్లాడమన్నారు. అదే మంచిదైంది. ఖాళీ కడుపుతో ఆయిల్ గురించి ఎవరు వింటారండీ.

నేను చదివింది పదో తరగతి. మిగతాదంతా కారు కింద పడుకుని నేర్చుకున్నదే. నేర్చుకోవడం కూడా ఒక తప్పుతో మొదలైంది. ముందు అది చెప్పేస్తాను.

షెడ్డులో చేరిన మూడో ఏడు. మా మేస్త్రి పెళ్ళికని ఊరెళ్ళారు. ఒక పెద్దాయన ఆటోమేటిక్ కారు తెచ్చారు. గేర్‌బాక్సు కింద చుక్కలు చుక్కలుగా కారుతోంది. సీలు మార్చాను. కారిపోయిన మేర ఆయిల్ నింపాలి. మూలన ఒక డబ్బా ఉంది, పవర్ స్టీరింగులకు వాడేది. కారు కింద పడిన మరక ఎరుపు, డబ్బాలో ఉన్నదీ ఎరుపు. ఇంకేం కావాలి, రెండు లీటర్లు పోసి పంపించాను. ఇరవై రోజులకు ఆయన మళ్ళీ వచ్చారు. "బాబూ, అరవై దాటితే బండి వణుకుతోంది. వంతెన మీద అతుకులు దాటుతున్నట్టు టకటకమంటోంది" అన్నారు.

మేస్త్రి ఆయిల్ కొలిచే గేజి తీసి, వాసన చూసి, తర్వాత నా మొహం చూశారు. "ఏం పోశావురా?" "ఎర్ర ఆయిల్ పోశానండీ." "ఎర్ర ఆయిల్ అని ఒకటి లేదురా. ఎర్ర రంగు ఉంది, అంతే."

ఆ మాట నాకు చాలా ఏళ్ళు అన్నం పెట్టింది. గేర్‌బాక్సు ఆయిల్‌కు ఎరుపు కలిపేది కారు కింద మరక పడితే అది ఇంజిన్‌దా, గేర్‌బాక్సుదా అని పోల్చుకోవడానికే. కుంకుమ రంగు చూసి అది కుంకుమో కారమో చెప్పగలమా? ఇదీ అంతే. ఒకదానితో ఒకటి పొసగని ఆయిల్స్ అరడజను ఇదే ఎరుపులో దొరుకుతాయి. జర్మన్ బండ్లకు వచ్చే కొన్ని అసలు ఎర్రగానే ఉండవు.

సరే, అది ఎందుకు వణికింది? ఇది అర్థమైతే మిగతాదంతా మీరే చెప్పుకోగలరు. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మాన్యువల్ గేర్‌బాక్సులో ఆయిల్‌కు ఉన్న పని పళ్ళు అరగకుండా చూడటం. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇంజిన్ బలాన్ని టార్క్ కన్వర్టర్‌లో అటునుంచి ఇటు మోసేది ఆయిలే. వాల్వ్ బాడీలో సన్నని దారుల గుండా పోయి, ఏ గేరు పడాలో ఆ క్లచ్‌ను ఒత్తిడితో నొక్కేదీ ఆయిలే. వేడిని కూలర్ దాకా మోసుకెళ్ళేదీ, రబ్బరు సీళ్ళు ఎండిపోకుండా చూసేదీ అదే. వీటన్నిటికంటే ముఖ్యమైంది క్లచ్ ప్లేట్ల పట్టు.

లోపల కాగితంలాంటి పదార్థం అంటించిన పలకలుంటాయి. వాటి మధ్య మధ్య ఉక్కు పలకలుంటాయి. అన్నీ ఆయిల్‌లోనే నానుతుంటాయి. గేరు మారడమంటే ఒక కట్ట వదలడం, ఇంకో కట్ట పట్టడం. మీలో చాలామంది బావిలో నీళ్ళు తోడినవాళ్ళే ఉంటారు. చేద దించేటప్పుడు తాడును అరచేతుల్లోంచి జారనిస్తాం కదా, నీళ్ళ దగ్గరికి వచ్చాక మెల్లగా బిగిస్తాం. ఒక్కసారిగా పట్టేస్తే భుజం గుంజేస్తుంది, చేద గోడకు కొట్టుకుంటుంది. పట్టకుండా ఊరికే జారనిస్తే అరచెయ్యి కాలుతుంది. క్లచ్ ప్లేట్లూ ఇంతే. ఎంత జారాలి, ఎక్కడ బిగియాలి అన్నది ప్లేటు ఒక్కటే తేల్చదు. ప్లేటు మీదున్న ఆయిల్‌లో కలిపిన మందులు కూడా తేలుస్తాయి. ఏ ఆయిల్ పోస్తారో తెలిశాకే కంపెనీవాడు ప్లేటు పదార్థం, స్ప్రింగు బలం, ఒత్తిడి లెక్క కట్టి ఉంటాడు. ఆయిల్‌ను కూడా గేర్‌బాక్సులో ఒక స్పేర్ పార్టు అనుకోండి. పిస్టన్ కొనేటప్పుడు "ఏదో ఒక పిస్టన్ ఇవ్వు" అనం కదా.

పెద్దాయన కారులో వణికింది టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్. వేగం పెరిగాక ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ నేరుగా కలిపేది అదే. నేను పోసిన ఆయిల్‌లో దానికి కావలసిన మందు లేదు. పట్టడం, జారడం, పట్టడం, జారడం, ఇలా సెకనులో ఎన్నోసార్లు. ఆ టకటక అదే. అదృష్టం బాగుండి తొందరగా వచ్చారు కాబట్టి మూడు దఫాలు ఆయిల్ మార్చాక వణుకు పోయింది. ఆ ఆయిల్ ఖర్చు నా జీతంలో కోశారు. న్యాయమే.

ఇప్పుడు కాస్త చరిత్ర. మన దగ్గర జనరల్ మోటార్స్‌వాళ్ళ పాత షెవర్లే ఇంపాలా ఉన్నవాళ్ళు ఇద్దరు వచ్చారు, వాళ్ళకు ఇది పనికొస్తుంది. జనరల్ మోటార్స్‌వాళ్ళు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్‌లో హైడ్రమాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెట్టి అమ్మారు. దానికంటూ 1949లో టైప్ ఏ అనే ఆయిల్ ప్రమాణం తెచ్చారు. 1967లో దాని తర్వాతి ప్రమాణం డెక్స్రాన్ వచ్చింది. దాదాపు అదే సమయంలో ఫోర్డ్‌వాళ్ళు టైప్ ఎఫ్ అని తమది తాము పెట్టుకున్నారు. ఈ రెండూ ఎదురెదురు స్వభావాలు. డెక్స్రాన్‌లో జారుడుమందు ఉంటుంది, మెత్తగా పడుతుంది. టైప్ ఎఫ్‌లో అది ఉండదు, టక్కున పడుతుంది. రెండూ ఎరుపే! టైప్ ఎఫ్ అడిగే 1960ల ఫోర్డులో డెక్స్రాన్ పోస్తే క్లచ్‌లు జారతాయి. డెక్స్రాన్ అడిగే దానిలో టైప్ ఎఫ్ పోస్తే ప్రతి గేరుకూ వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఉంటుంది. మీ ఇంపాలాలో రెండు గేర్ల పవర్‌గ్లైడ్ అయితే డెక్స్రాన్ కుటుంబమే, కంగారు లేదు.

ఆ జారుడుమందు ఏమిటో తెలుసా? స్పెర్మ్ తిమింగలం నుంచి తీసిన నూనె. మొదటి రోజుల్లో అదే వాడారు. 1970ల మొదట్లో అమెరికా ఆ వేటా, ఆ నూనె దిగుమతీ ఆపేసింది. తిమింగలానికి మంచిదైంది, గేర్‌బాక్సులకు కొన్నాళ్ళు కష్టమైంది. దాని బదులు వాడిన మందులతో వచ్చిన డెక్స్రాన్ 2 తొలి రకం, రేడియేటర్‌లోని కూలర్ అతుకులను తినడం మొదలుపెట్టింది. దాన్ని సవరించి 2డి తెచ్చారు. ఎక్కడో సముద్రంలో ఉండే చేప... చేప కాదులెండి, మా అమ్మాయి సరిదిద్దుతుంది, పాలిచ్చే జంతువు. దానికీ మన గేరు మారడానికీ అంత సంబంధం ఉండేదని నాకు కూడా ఆలస్యంగానే తెలిసింది.

తర్వాత 1993లో డెక్స్రాన్ 3, 2005లో డెక్స్రాన్ 6 వచ్చాయి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. డెక్స్రాన్ 3కు లైసెన్సులివ్వడం జనరల్ మోటార్స్ 2006 చివరితో ఆపేసింది. అంటే ఈ రోజు షాపులో "డెక్స్రాన్ 3" అని ఉన్న డబ్బా దొరికితే, దాన్ని పరీక్షించి ముద్ర వేసినవాడు ఎవరూ లేడు. తయారుచేసినవాడి మాటే హామీ. అన్నీ చెత్త అని నేననను. పేరున్న కంపెనీలవి నేనే వాడుతున్నాను. కానీ ఊరూ పేరూ లేని డబ్బా మీద ఆ మాట కనబడితే మోసపోకండి. డబ్బా వెనక అక్షరాలు చదవండి. "ఆమోదం పొందింది" అంటే ఒక అర్థం, "పనికొస్తుంది" అంటే ఇంకో అర్థం. పెళ్ళిచూపుల్లో "అబ్బాయి ఉద్యోగం చేస్తున్నాడు", "చేయగలడు" అన్న రెండు మాటలకు ఎంత తేడా ఉందో దీనికీ అంతే.

మన రోడ్ల మీద బండ్ల సంగతికొద్దాం. 2000 తర్వాతి హ్యుందాయ్ నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లు చాలావాటికి కావలసింది ఎస్‌పీ-3. ఇది మిత్సుబిషీ నుంచి వచ్చిన ప్రమాణం, అందుకే ఆ కాలపు లాన్సర్‌కూ అదే పేరు వినబడుతుంది. తర్వాత ఆరు గేర్లవి వచ్చాక ఎస్‌పీ-4 వచ్చింది. "మూడు కంటే నాలుగు కొత్తది, మంచిది" అని పాతదానిలో పోస్తున్నారు. అది తప్పు. టయోటాలో 2000ల తొలి ఏళ్ళ బండ్లు ఎక్కువగా టీ-4 అడుగుతాయి, తర్వాతివి డబ్ల్యూఎస్. అక్కడా ఒకదాని బదులు ఇంకోటి వద్దు. హోండాకు వస్తే కథ తిరగబడుతుంది. పాత జెడ్-1 ఆపేసి దాని స్థానంలో డీడబ్ల్యూ-1 తెచ్చారు, పాతవాటికీ అదే పొయ్యమన్నారు. చూశారా, ఒక కంపెనీలో కొత్తది పాతదానికి పనికొస్తుంది, ఇంకో కంపెనీలో పనికిరాదు. అందుకే దీనికి ఒక్క సూత్రం చెప్పమంటే నేను చెప్పను. మీ బండి మాన్యువల్ పుస్తకం చూడండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు పుస్తకం రాలేదా? ఆయిల్ గేజి లాగి చూడండి, చాలా బండ్లలో ఆ రేకు మీదే ఆయిల్ పేరు కొట్టి ఉంటుంది. ఇంతకాలం దాన్ని తుడిచి మళ్ళీ దూర్చారే గానీ, చదివి ఉండరు. అదీ లేకపోతే గేర్‌బాక్సు మీదున్న నంబరు చూడాలి. కారు పేరు చెప్పి ఆయిల్ అడగొద్దు. ఒకే పేరుతో పదిహేనేళ్ళు అమ్మిన కారులో మూడు రకాల గేర్‌బాక్సులు మారి ఉంటాయి.

వెనక నుంచి అడుగుతున్నారు, "మాది ఆటోమేటిక్కే, 2015 సెలెరియో, ఏం పొయ్యాలి?" అని. అమ్మా, మీది ఏఎంటీ. లోపలున్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సు, మీ బదులు క్లచ్ నొక్కి గేరు వేసే యంత్రం ఒకటి పైన పెట్టారు. దానికి గేర్ ఆయిల్ వేరు, ఆ యంత్రంలోని హైడ్రాలిక్ ఆయిల్ వేరు. ఈ రోజు నేను చెప్పేదేదీ మీ బండికి వర్తించదు, హాయిగా టీ తాగండి.

సీవీటీ ఉన్నవాళ్ళు మాత్రం టీ పక్కన పెట్టి వినండి. 2000ల్లో హోండా సిటీ కారులో సీవీటీ వచ్చింది కదా, ఇప్పటికీ చాలా తిరుగుతున్నాయి. అందులో గేర్లు లేవు. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఉక్కు ఉక్కును పట్టుకోవాలి, కానీ అరగకూడదు. మామూలు ఏటీఎఫ్‌లోని, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్‌లోని జారుడుమందు క్లచ్‌కు మేలు, ఈ బెల్టుకు విషం. ఆ తరం హోండా సీవీటీలకు హెచ్‌ఎంఎంఎఫ్ అనే ఆయిల్ ఉంది. తర్వాతివాటికి హెచ్‌సీఎఫ్-2. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఒకటి పోసేరు, వద్దు. "అన్ని ఆటోమేటిక్‌లకూ" అని రాసిన డబ్బా అయితే దీని దరిదాపులకు కూడా రానివ్వకండి. నేను కాస్త కఠినంగా చెబుతున్నది ఈ ఒక్కచోటే. మిగతా గేర్‌బాక్సులు తప్పు ఆయిల్‌ను కొన్నాళ్ళు ఓర్చుకుని వణుకుతో, కుదుపుతో చెప్పి చూస్తాయి. ఇది బెల్టు జారి కప్పీ మీద గీత పడ్డాక చెబుతుంది.

మరి "అన్నిటికీ ఒకటే" అనే మల్టీ వెహికల్ ఏటీఎఫ్ సంగతి? సీవీటీ, రెండు క్లచ్‌లుండే డీసీటీ పక్కన పెట్టండి. మామూలు నాలుగైదు గేర్ల పాత బండికి, మంచి కంపెనీది, వెనక జాబితాలో మీ ప్రమాణం పేరు పెట్టి రాసుంటే, నేను వాడతాను. అసలు ఆయిల్ దొరికితే మాత్రం అదే వాడతాను. ఆయిల్‌లో కలిపే చిన్న సీసాలు, "కుదుపు పోతుంది" అని అమ్ముతారే, వాటికి పెట్టే డబ్బుతో ఇంకో లీటరు సరైన ఆయిల్ కొనుక్కోండి.

చిక్కదనం గురించి కూడా ఒక మాట. 100 డిగ్రీల వేడి దగ్గర డెక్స్రాన్ 3 ఏడు సెంటీస్టోక్స్ పైన ఉంటుంది, చిక్కదనాన్ని ఆ లెక్కలో కొలుస్తారు. డెక్స్రాన్ 6 ఆరు దగ్గర, టయోటా డబ్ల్యూఎస్ ఐదున్నర దగ్గర. కొత్త ఆయిల్స్ పల్చనైంది మైలేజీ కోసం. "మన ఎండలకు పల్చటిది ఎలా ఆగుతుంది, చిక్కటిది పోద్దాం" అని కొందరి వాదం. డెక్స్రాన్ 3 చిక్కగా మొదలై, వాడుతుంటే నలిగి పల్చబడేది. డెక్స్రాన్ 6 మొదలైనచోటే నిలబడుతుంది. అందుకే జనరల్ మోటార్స్ తన పాత ఆటోమేటిక్‌లకు కూడా 6 పొయ్యమంది. అయితే లక్షల కిలోమీటర్లు తిరిగి సీళ్ళు అరిగిన గేర్‌బాక్సులో పల్చటిది పోస్తే కారడం పెరగడం నేను చూశాను. అలాంటి బండికి పాత చిక్కదనం ఉన్నదే వెతికి పోస్తాను. ఇది కంపెనీ చెప్పింది కాదు, నా అనుభవం.

ఇక అందరూ ఎదురుచూస్తున్న ప్రశ్న. "లక్ష దాటింది, ఒక్కసారీ మార్చలేదు. ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్సు పోతుందట కదా?"

ఈ భయం ఊరికే పుట్టలేదు. మార్చిన వారానికే గేర్‌బాక్సు పోయినవాళ్ళు నిజంగా ఉన్నారు. కానీ వాళ్ళు ఎప్పుడు మార్చారు? గేరు జారడం మొదలయ్యాక. అప్పటికే ప్లేట్ల మీద పదార్థం అరిగి ఆయిల్‌లో కలిసింది. ఆ మట్టే కొంత పట్టు ఇస్తోంది. శుభ్రమైన ఆయిల్ పోశాక ఆ పట్టు కూడా పోయింది. చివరి ఘడియల్లో తులసితీర్థం పోసినవాడి మీద నింద పడ్డట్టు, మార్చిన మెకానిక్ మీద పడింది. మీ బండి ఇంకా శుభ్రంగా గేర్లు మారుస్తుంటే, ఆయిల్ గోధుమరంగులోకి తిరిగినా, మార్చడమే మంచిది. నల్లగా మారి, మాడిన వాసన వస్తూ, గేరు జారుతూ ఉంటే ఆయిల్‌తో బాగుపడదు, విప్పాల్సిందే. అది ముందే యజమానికి చెప్పి, తర్వాత చెయ్యి పెట్టాలి.

"జీవితకాలం మార్చక్కర్లేదు" అని రాసుంటుంది కొన్ని బండ్లకు. ఎవరి జీవితకాలం? గేర్‌బాక్సు తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లలో మార్చమంటుంది. జర్మనీలో చల్లగాలిలో తిరిగే బండికే ఆ మాట. మే నెలలో అమీర్‌పేట ట్రాఫిక్‌లో నిలబడే బండికి మనం ఎంత లెక్క వేసుకోవాలో ఆలోచించండి.

ఎలా మార్చాలి? మా అన్నయ్య కొడుకు అమెరికాలో చదువుకుంటూ పాత కారొకటి కొన్నాడు. ఒకరోజు ఫోన్ చేశాడు. "బాబాయ్, ఇక్కడ మిషన్ పెట్టి మొత్తం పాత ఆయిల్ ఒక్కసారే తోసేస్తామంటున్నారు, చేయించనా?" అన్నాడు. వద్దన్నాను. ఎన్నడూ మార్చని బండిలో అడుగున పేరుకున్న మట్టిని మిషన్ ఒత్తిడితో కదిలిస్తే అది వెళ్ళి వాల్వ్ బాడీలో కూర్చుంటుంది. డ్రైన్ బోల్టు విప్పి వచ్చినంత తీసి, అంతే పొయ్యమన్నాను. ఇలా తీస్తే మొత్తం రాదు, సగం కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. ఏడు లీటర్లుంటే మూడున్నర వస్తుందనుకోండి. మొదటిసారికి సగం కొత్తది. వెయ్యి కిలోమీటర్లు తిరిగి మళ్ళీ మారిస్తే ముప్పావు వంతు. మూడోసారికి 87 శాతం పైన. గేర్‌బాక్సుకు కూడా కొత్త ఆయిల్ మెల్లగా అలవాటవుతుంది. మొదటిసారి ఛాంబర్, అంటే అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం, దించి ఫిల్టర్ మార్చండి, లోపల అయస్కాంతాలు తుడవండి. వాటి మీద బూడిదరంగు బంకమట్టి ఉంటే మామూలే. గోరుకు గుచ్చుకునే ఇనుపముక్కలుంటే నాకు ఫోన్ చేయండి.

ఆయిల్ రోజ్‌మిల్క్‌లా గులాబీరంగు పాలలా కనిపిస్తే ఇంక ఇంజిన్ స్టార్ట్ చేయకండి. రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ కలిసిందని అర్థం. ఆ నీళ్ళకు ప్లేట్ల మీద కాగితం జిగురు ఊడిపోతుంది. అప్పుడు ఏ ఆయిల్ మంచిదని అడగడమే అనవసరం. ముందు రేడియేటర్ మార్చాలి.

సరైన ఆయిల్ కొన్నాక కూడా పాడుచేసే మార్గం ఒకటుంది. కొలత. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే నురగ వస్తుంది. రెండింటిలోనూ ఒత్తిడి పడిపోయి క్లచ్‌లు జారతాయి. ఎక్కువ బండ్లకు పది కిలోమీటర్లు తిప్పి, సమంగా ఉన్నచోట నిలబెట్టి, గేర్లన్నీ ఒకసారి వేసి, పార్క్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా గేజి చూడాలి. హోండాకు మాత్రం వేడెక్కాక ఇంజిన్ ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషంలోపు చూడాలి. గేజి అసలు లేని బండ్లున్నాయి, వాటికి ఆయిల్ వేడి కంప్యూటర్‌లో కొలిచి కింద బోల్టు విప్పి చూస్తారు. ఆ పని రోడ్డు మీద చేయించకండి.

చాలాసేపు మాట్లాడాను. బయట ఆరు బండ్లు నిలబడి ఉన్నాయి, చెప్పడం కంటే చూడటం మేలు. ఎవరైనా తెల్ల గుడ్డ తెచ్చారా? రంగుగుడ్డ వద్దు, అందులో ఏదీ తెలియదు. వెళ్ళి ఓ రౌండు తిప్పుకుని రండి. వచ్చాక ఇంజిన్ ఆపకండి. హోండా వాళ్ళు మాత్రం ఆపి, వెంటనే నన్ను పిలవండి.